సంచి నొక్కిన స్వామి

పార్సిప్పనీలో ఏ తెలుగు కుటుంబమైనా ఇండియా ప్రయాణం పెట్టుకుంటే ముందు టికెట్లు కొనేది, తర్వాత శ్యామ్‌సుందర్ గారికి ఫోన్ చేసేది. ముందు ఆయనకి ఏ రోజు ఖాళీయో కనుక్కుని తర్వాత టికెట్లు కొన్న దూరదృష్టిపరులూ లేకపోలేదు.

వృత్తిరీత్యా ఆయన వంతెనల ఇంజినీరు. ఏ వంతెన ఎంత బరువు మోయగలదో ముప్పై ఏళ్లు లెక్కలు కట్టి, ఒక్కటీ కూలకుండా రిటైరయ్యారు. అయితే జనం ఆయన్ని తలుచుకునేది వంతెనల వల్ల కాదు, సూట్‌కేసుల వల్ల. పెట్టెను ఒంటిచేత్తో అంగుళం పైకెత్తి, కళ్లు మూసుకుని, "రెండు పౌండ్లు ఎక్కువుందమ్మా. మీ ఆడపడుచు షాంపూలు తీసెయ్యండి" అనేవారు. ఎయిర్‌పోర్టులో కాటా ఉన్నది ఆయన మాట నిజమని చెప్పడానికే. మూత పడనని మొరాయించే పెట్టె ఎదురైతే మాత్రం వేరే పద్ధతి. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకునేవారు. గదిలో ఉన్నవాళ్లంతా ఒక అడుగు వెనక్కి వేసేవారు. కుడి మోకాలు మూత మీద మోపి, రెండు అరచేతులూ బార్లా చాపి, నాలుగు మూలలా బరువు పంచి నొక్కి, ఆపరేషన్ థియేటర్లో సర్జన్‌లా "జిప్పు" అనేవారు. ఎవరో ఒకరు జిప్పు లాగేవారు. అంతటితో కార్యక్రమం సమాప్తం.

"ఏ పెట్టెలోనైనా సగం గాలేనయ్యా. గాలికి టికెట్ దేనికి?" అన్నది ఆయన సిద్ధాంతం.

ఆయనకి ఇంకో సిద్ధాంతం కూడా ఉంది. దేవుడి విషయంలో ఎవరేమడిగినా "డేటా లేదు" అనేవారు. గుడికి వెళ్లేవారు, ప్రసాదం తినేవారు, పులిహోరలో ఉప్పు తక్కువైతే చెప్పేవారు. దండం మాత్రం పెట్టేవారు కాదు. ప్రతి నవంబరులోనూ కుర్రాళ్లు నల్లబట్టలు కట్టి, అయ్యప్ప మాల వేసుకుని, గడ్డాలు పెంచి కనిపిస్తే, "నలభై రోజులు బుద్ధిగా ఉండడానికి దేవుడెందుకయ్యా, క్యాలెండర్ చాలదూ?" అని నవ్వేవారు. ఆ నవ్వు భార్య కనకదుర్గ గారికి ముప్పై నాలుగేళ్లుగా కాలిలో ముల్లు. ఆవిడ ఇంట్లో అన్ని దేవుళ్లకీ పూజ చేసి, చివర్లో ఈయన తరఫున క్షమాపణ కూడా చెప్పుకునేవారు.

ఇక కథలోకి వద్దాం. ఈ దేశంలో రోడ్లను కూడా దత్తత తీసుకుంటారు. ఏదో ఒక సంఘం ఒక రెండు మైళ్ల హైవేని దత్తత తీసుకుని, ఏడాదికి రెండుసార్లు పక్కన పడ్డ చెత్త ఏరితే, ప్రభుత్వం ఆ సంఘం పేరు రాసిన బోర్డు ఒకటి రోడ్డు పక్కన పాతుతుంది. మన తెలుగు సమాఖ్యకి కావలసింది బోర్డు. బోర్డుతో పాటు రోడ్డు కూడా వచ్చింది. సమాఖ్య అధ్యక్షులు మూర్తి గారు శ్యామ్‌సుందర్ గారికి పాతికేళ్ల స్నేహితులు, ఆ చుట్టుపక్కల ఏ వార్తనైనా మధ్యాహ్నం లోపు పదిళ్లకి చేర్చగల సమర్థులు. ఆయన తన స్నేహితుణ్ని సేఫ్టీ కెప్టెన్‌గా నియమించారు.

సేఫ్టీ కెప్టెన్ బాధ్యత ఒకటే. చెత్త ఏరే ముందు వలంటీర్లకి ప్రభుత్వం వారి వీడియో చూపించాలి. మూర్తి గారి బేస్‌మెంట్లో సమోసాల మధ్య ఆ వీడియో ప్రదర్శన జరిగింది. "సంచులను చేత్తో గానీ కాలితో గానీ నొక్కకండి. లోపల గాజు పెంకులు, సూదులు ఉండవచ్చు" అని వీడియోలో ఒకావిడ స్పష్టంగా చెప్పింది. ఆ మాట వచ్చే సమయానికి సేఫ్టీ కెప్టెన్ గారు లేచి నిలబడి, ఆవిడ వెనకాల కనిపిస్తున్న వంతెన రెయిలింగు ఎంత తప్పుగా కట్టారో ఉపన్యసిస్తున్నారు.

2007లో అక్టోబరు చివరి శనివారం పొద్దున్న, నారింజరంగు చొక్కాలు తొడుక్కుని అందరూ హైవే పక్కకి దిగారు. గంటన్నరకే సంచులు అయిపోవచ్చాయి. మూర్తి గారు కంగారుపడ్డారు.

"శ్యామ్, ఇంకా అర మైలుంది. సంచులు చాలవు."

"చాలకపోవడమేమిటి మూర్తీ. ఒక్కోదాంట్లో సగం గాలేగా" అని శ్యామ్‌సుందర్ గారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

అది చూసి వలంటీర్లంతా చుట్టూ మూగారు. కొందరు ఆ విద్య గురించి వినడమే గానీ చూసిన పాపాన పోలేదు. ఆయన మోకాలు మోపారు, అరచేతులు చాపారు, బరువు పంచారు. సంచి సగానికి సగం దిగింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య ఆయన కుడి అరచేతిలో చురుక్కుమంది.

తోటపని గుడ్డ గ్లవ్ విప్పి చూసుకుంటే రక్తపు బొట్టు. సంచి మూతి విప్పి చూస్తే ఒక సన్నని సిరంజి. దాని గొట్టంలో కూడా ఎర్రగా ఉంది, ఆయనది కాని ఎరుపు.

"ఏమైంది?" అన్నారు మూర్తి గారు.

"ముల్లు."

"పసుపు అద్దు."

కారు దగ్గర ఉప్మా పంచుతున్న కనకదుర్గ గారికి "ముల్లు గుచ్చుకుంది, టెటనస్ ఇంజెక్షన్ చేయించుకుని వస్తా కనకం" అని చెప్పి, నీళ్ల సీసాతోనూ సబ్బుతోనూ చెయ్యి కడుక్కుని, తనే కారు నడుపుకుంటూ హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్లారు. దారి పొడవునా ఆయనకి ఒకే ఆలోచన. జబ్బు గురించి కాదు. జబ్బు పేరు గురించి. ఆ మూడు అక్షరాలు మూర్తి గారి చెవిన పడితే, సూది సంగతి ఎవరూ వినరు. పార్సిప్పనీ అంతటా మిగిలేది ఆ అక్షరాలూ, వాటి పక్కన తన పేరూ.

ఎమర్జెన్సీలో తెర తీసుకుని లోపలికి వచ్చిన డాక్టరు మూర్తి గారి అమ్మాయి అనన్య.

"అంకుల్? మీరా?"

శ్యామ్‌సుందర్ గారు వంతెన కూలుతుంటే చూస్తున్న ఇంజినీరులా చూశారు. ఈ పిల్ల మెడికల్ స్కూలుకి వెళ్లేటప్పుడు దాని పెట్టెలు సర్దింది ఆయనే.

"మీరు కంఫర్టబుల్ కాకపోతే వేరే డాక్టర్‌ని పిలుస్తాను. కానీ లేట్ అవుతుంది. ఇది లేట్ చేసేది కాదు."

"మీ నాన్నకి..."

"చెప్పను. చెప్తే నా లైసెన్స్ పోతుంది. అమ్మకి కూడా చెప్పను. ప్రామిస్."

ఆయన చెయ్యి చాపారు. అనన్య చూసింది, అంతా వింది, చక్రాల స్టూలు ఒకటి దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"రోడ్ మీద నీడిల్ వల్ల హెచ్‌ఐవి వచ్చే చాన్స్ చాలా చాలా తక్కువ అంకుల్. బయట ఉంటే వైరస్ ఎక్కువసేపు బతకదు. కానీ ఇందులో బ్లడ్ ఫ్రెష్‌గా ఉందంటున్నారు, డీప్‌గా గుచ్చుకుంది. మందు ఉంది. మూడు రోజుల్లోపే స్టార్ట్ చెయ్యాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. నాలుగు వారాలు రోజూ వేసుకోవాలి, ఒక్కటి కూడా మిస్ అవకూడదు. చాన్స్‌ని ఇంకా తగ్గిస్తుంది. గ్యారంటీ కాదు. వామిటింగ్ ఫీలింగ్ ఉంటుంది, స్టమక్ అప్‌సెట్ ఉంటుంది. నేనైతే వేసుకుంటాను. డెసిషన్ మీది."

"వేసుకుంటాను."

"గుడ్. ఇప్పుడు కొన్ని క్వశ్చన్స్ అడగాలి. అందర్నీ అడుగుతాం అంకుల్, ప్లీజ్ ఏమనుకోకండి." ఆమె కాగితాల మీద నుంచి తల ఎత్తలేదు. "లాస్ట్ వన్ ఇయర్‌లో మీకు సెక్షువల్ పార్ట్‌నర్స్ ఎంతమంది?"

శ్యామ్‌సుందర్ గారు సీలింగు పలకలు ఎన్ని ఉన్నాయో పరిశీలించడం మొదలుపెట్టారు. ఒకటి వదులుగా ఉంది.

"ఒక్కరే" అన్నారు దాన్నే చూస్తూ. "మీ కనకం ఆంటీ."

"ఓకే. ఫైనల్ టెస్ట్ అయ్యేదాకా ఆంటీతో ప్రొటెక్షన్ వాడాలి."

"వాడతాను" అన్నారు ఆయన, ట్రాఫిక్ పోలీసుకి ఇక స్పీడుగా నడపనని మాటిచ్చే స్వరంతో.

"మిగతాదంతా నార్మల్. ఆంటీతో కలిసి తినండి, ఒకే గ్లాస్‌లో తాగండి, హగ్ చేసుకోండి. ఏం కాదు. బ్లడ్ టెస్ట్ ఇవాళ ఒకటి, ఆరు వారాలకి ఒకటి, మూడు నెలలకి, ఆరు నెలలకి."

మొదటి మాత్ర అక్కడే మింగించింది. అది చూడడానికి మాత్రలా లేదు, ఏదో వంతెనకి వేసే బోల్టులా ఉంది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని మింగారు.

ఇంటికి వచ్చాక ఆయన చేసిన మొదటి పని, ఒక స్టీలు గ్లాసూ ఒక కంచమూ విడిగా తీసి షెల్ఫ్ చివర పెట్టుకోవడం. గ్లాసు వల్ల రాదని అనన్య చెప్పింది, ఆయనకీ తెలుసు. ముప్పై ఏళ్లు ఊరందర్నీ డేటా అడిగిన మనిషి, ఏ డేటా లేకుండానే గ్లాసు వేరు పెట్టుకున్నాడు. మెదడు నమ్మినదాన్ని చెయ్యి నమ్మలేదు. అంతటితో ఆగలేదు. గురక సాకు చెప్పి గెస్ట్ రూములో పడుకున్నారు, అదీ మంచం మెత్తగా ఉంటే కడుపులో తిప్పుతోందని నేల మీద. గడ్డం గీసుకుంటే ఎక్కడ తెగుతుందోనని రేజరు డ్రాయరులో దాచేశారు. వెల్లుల్లి తాలింపు వాసన వస్తే వాకిట్లోకి పరిగెత్తేవారు. నవంబరు చలి మొదలయ్యేసరికి ఉన్న ఒక్క నల్ల స్వెటరూ ఒంటిమీంచి దిగలేదు.

కనకదుర్గ గారు పది రోజులు గమనించారు. విడి గ్లాసు, విడి కంచం. నేల మీద పడక. బ్రహ్మచర్యం. పెరుగుతున్న గడ్డం. వెల్లుల్లి పడదు. నల్లబట్ట. నవంబరు నెల. ఆవిడకి ఇంకేం కావాలి?

ఒక పొద్దున్న ఆయన మాత్ర నోట్లో వేసుకుని కళ్లు మూసుకుని మింగుతుంటే, ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూశారు. ఆ ముఖంలో అంత ఏకాగ్రత పెళ్లిపీటల మీద కూడా చూడలేదు.

"ఏవండీ" అన్నారు మెల్లగా. "దీక్షా?"

ఆయనకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నిజం చెబుదామని నోరు తెరిచారు. నిజం చెబితే మూడు అక్షరాలు చెప్పాలి. నోరు మూశారు. మళ్లీ తెరిచి, "అలాంటిదే. కొన్ని వారాలు" అన్నారు.

"మాల?"

"మాల లేదు."

"మనసులో వేసుకున్నారన్నమాట" అన్నారు ఆవిడ, కళ్లు ఒత్తుకుంటూ.

అది మొదలు ఆ ఇంట్లో ఉల్లీ వెల్లుల్లీ మానేశారు. ఆవిడ తెల్లవారకుండానే స్నానం చేసి ఆయనకి వేడినీళ్లు పెట్టేవారు. పెళ్లయింది మొదలు ఏ విషయంలోనూ ఒక్క మాట తగ్గని మనిషి, ఇప్పుడు ఏమన్నా "మీ ఇష్టమండీ" అనేవారు. శాంటా క్లారాలో ఉన్న కూతురు ఉషకి ఫోన్ చేసి, "మీ నాన్నగారు మారిపోయారమ్మా" అని ఏడ్చి మరీ చెప్పారు. వాళ్ల దాంపత్యంలో అంత ప్రశాంతమైన నెల ఇంకోటి లేదు. ఆ ప్రశాంతత ఆయనకి మాత్రల కంటే ఎక్కువ వికారం కలిగించింది.

కూతురికి చెప్పాక ఆవిడ మూర్తి గారి భార్య పద్మిని గారికి చెప్పారు. ఇక చెప్పాల్సింది మిగల్లేదు. హేతువాది పడిపోయాడన్న వార్త భక్తులకి ఇచ్చే ఆనందం ముందు మామూలు భక్తుడి దీక్ష ఎంతపాటిది. గుళ్లో ముసలీ ముతకా ఆయన్ని చూసి చేతులు జోడించడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు శ్యామ్‌సుందరం, ఆఫీసులో శామ్, ఇప్పుడు స్వామి.

మూర్తి గారు ఫోన్ చేసి, పాతికేళ్లలో మొదటిసారి "మీరు" అన్నారు.

"స్వామీ, అర్ధమండలమా పూర్తి మండలమా?"

"డాక్... గురువు ఎంత చెబితే అంత."

"గురువెవరు స్వామీ?"

"చెప్పకూడదు."

"ఆహా" అన్నారు మూర్తి గారు, తన పక్కనే సోఫాలో కూర్చుని పాలల్లో సీరియల్ వేసుకుని తింటున్న ఆ గురువు తల, వట్టి కూతురనుకుని, నిమురుతూ. "శనివారం మా ఇంట్లో స్వాములకి భిక్ష. మీరు తప్పకుండా రావాలి."

రానంటే ఎందుకు రానో చెప్పాలి. పైగా మాత్ర తిండితోనే వేసుకోవాలి, భిక్షలో వండే పప్పూ పాయసమూ తప్ప ఏదీ కడుపులో నిలవడం లేదు. వెళ్లారు. మాలలేసుకున్న కుర్రస్వాముల పంక్తిలో చివర కూర్చున్నారు. పాయసం మధ్యలో గోడవైపు తిరిగి, జేబులోంచి బోల్టు తీసి, కళ్లు మూసుకుని మింగారు. కళ్లు తెరిచేసరికి పంక్తి అంతా తినడం ఆపి చూస్తోంది.

"ధ్యానం" అన్నారు మూర్తి గారు పక్కవాళ్లకి గుసగుసగా.

పద్మిని గారు ఆయన వద్దంటున్నా వినకుండా వంగి కాళ్లకి దండం పెట్టారు. అనన్య గదిలోంచి అప్పుడే వచ్చి, ఆ దృశ్యం చూసి, దగ్గు వచ్చినట్టు నటిస్తూ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ దగ్గు చాలాసేపు వినబడింది.

మాత్రలు అయిపోయాయి. ఆరు వారాల టెస్టులో ఏమీ లేదని అనన్య చెప్పింది. "చాలా మంచి సైన్ అంకుల్. కానీ చివరిదాకా చూద్దాం." చివరంటే వసంతం. గ్లాసు షెల్ఫ్ చివరే ఉండిపోయింది.

డిసెంబరులో ఇరుముడి రోజు వచ్చింది. స్వాములంతా రెండు అరల గుడ్డమూట నెత్తిన పెట్టుకుని దీక్ష ముగించే రోజు. మధ్యాహ్నం కనకదుర్గ గారు పట్టుచీర కట్టుకుని, నెయ్యి నింపడానికి కొబ్బరికాయ తొలిచి సిద్ధం చేసి, హాల్లోకి వచ్చారు.

"రండి, టైమవుతోంది."

శ్యామ్‌సుందర్ గారు ఆ కొబ్బరికాయ వంక చూశారు. దాన్ని తొలవడంలో ఆవిడ వేలు కొంచెం తెగింది. దానికి చిన్న బ్యాండేజి.

"కనకం, నాకు దీక్ష లేదు."

"మాల లేకపోతేనేం, మనసులో ఉందిగా."

"మనసులోనూ లేదు. చేతిలో ఉంది" అని అరచెయ్యి చూపించి, సంచి దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పారు. మూడు అక్షరాలూ ఒక్కొక్కటిగా ఆగి ఆగి వచ్చాయి. అయినా చెప్పారు.

ఆవిడ సోఫా అంచున కూర్చున్నారు. కొబ్బరికాయ ఒళ్లో ఉంది.

"టెస్టు ఏమొచ్చింది?"

"ఇప్పటికి ఏం లేదు. ఇంకా రెండున్నాయి."

"ఎవరికి తెలుసు?"

"అనన్యకి."

"అంటే పద్మినికి?"

"తెలీదు. ఆ పిల్ల చెప్పలేదు."

ఆవిడ మెచ్చుకోలుగా తలాడించారు. తర్వాత షెల్ఫ్ వైపు చూశారు.

"మరి ఆ గ్లాసు?"

"నీకేమన్నా అవుతుందేమోనని."

"గ్లాసు వల్ల వస్తుందా?"

"రాదు."

"వస్తుందని ఎవరన్నా చెప్పారా?"

"లేదు."

"మరి?"

"డేటా లేదు" అన్నారు చివరికి, తలొంచుకుని.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లారు. కాసేపటికి రోట్లో వెల్లుల్లి దంచుతున్న చప్పుడు. ఆ దెబ్బల్లో నెలన్నరగా "మీ ఇష్టమండీ" అన్నవన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటున్నట్టు ఉంది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ తిరిగొచ్చి, షెల్ఫ్ చివరి గ్లాసు తీసి, నిండా మజ్జిగ పోసి, నిలబడే సగం తాగి, మిగతా సగం ఆయన ముందు ఠక్కున పెట్టారు.

"తాగండి. తాగి నా మాట వినండి. ముల్లని నాతో కూడా అబద్ధమాడారు, దాని సంగతి తర్వాత. బయట మాత్రం ఒక్కరికీ చెప్పకండి. ఊరంతా చెప్పుకుని తిరిగాను నేను. ఆయన మారారు, నా మొర విన్నాడు దేవుడు అని. ఇప్పుడు చెత్తసంచి గుచ్చుకుందని చెప్పమంటారా?"

అలా ఆ ఇంట్లో ఒక్కరు దాచుకున్న రహస్యం ఇద్దరు దాచే రహస్యమైంది. మూడు నెలల టెస్టుకి ఇద్దరూ వెళ్లారు. అందులోనూ ఏమీ లేదు.

ఏప్రిల్లో మళ్లీ హైవే పిలిచింది. ఆఖరి టెస్టు ఇంకా రెండు వారాలుంది. శ్యామ్‌సుందర్ గారు ఈసారి దళసరి తోలు గ్లవ్స్ తొడుక్కుని, చెత్త పట్టుకునే పొడుగు పట్టకారు పట్టుకుని, సంచులకి దూరంగా ఏరుకుంటున్నారు. చప్పట్లు వినిపించి తలెత్తారు.

మూర్తి గారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటున్నారు.

"సంచులు చాలవు కదా. మన స్వామివారు పోయినసారి నేర్పిన విద్య" అని అందరికీ చెప్పి, నిండిన సంచి మీద మోకాలు మోపారు. చుట్టూ చూస్తే అక్కడక్కడా ఇంకో నలుగురు అదే భంగిమలో ఉన్నారు. పోయినసారి చప్పట్లు కొట్టినవాళ్లే. మనిషి పోయినా విద్య నిలుస్తుందంటారు. ఈయన ఉండగానే నిలిచింది.

"మూర్తీ, నొక్కకు."

"ఏం స్వామీ? సగం గాలేనని మీరేగా..."

శ్యామ్‌సుందర్ గారు భార్య వైపు చూశారు. ఆవిడ ఉప్మా గిన్నె పక్కన నిలబడి ఉన్నారు. ఆ చూపులో ఏమడుగుతున్నారో ఆవిడకి తెలుసు. ఊరంతా చెప్పుకున్న మాటలూ గుర్తున్నాయి.

"నన్నేం చూస్తారు?" అన్నారు ఆవిడ గరిటె కింద పెట్టి. "ముందు ఆయన చెయ్యి తియ్యమనండి."

ఆయన వెళ్లి మూర్తి గారి చేతులు పట్టుకుని సంచి మీంచి తీసేశారు. తర్వాత చెప్పారు. పోయినసారి ముల్లు కాదు సిరంజి అని. హెచ్‌ఐవి భయానికి నాలుగు వారాలు మందులు వేసుకున్నానని. వీడియోలో ఆవిడ నొక్కవద్దని చెబుతుంటే తను వంతెన గురించి మాట్లాడానని. ఆఖరి టెస్టు ఇంకా ఉందని. మూడు అక్షరాలూ ఈసారి ఆగకుండా వచ్చాయి. మిగతా నలుగురూ ఎవరి మోకాళ్లు వాళ్లు నెమ్మదిగా తీసుకున్నారు.

ఒక లారీ వెళ్లింది. ఇంకోటి వెళ్లింది. ఆరు నెలలుగా ఆయన ఏ నిశ్శబ్దానికి భయపడ్డారో అది ఇదే. దాన్ని మూర్తి గారు ఛేదించారు.

"అంటే దీక్ష కాదా?"

"కాదు."

"మా ఇంట్లో కూర్చుని భిక్ష తిన్నావు."

"తిన్నాను. పాయసం బాగుంది."

"మా పద్మిని నీ కాళ్లకి దండం పెట్టింది."

"వద్దంటే వినలేదు."

"ధ్యానమని అందరికీ చెప్పాను నేను. నువ్వు తిరిగి కూర్చున్న ఆ గోడకే అయ్యప్ప ఫోటో కూడా తగిలించాను." మూర్తి గారి గొంతులో ఇంత కోపం సమాఖ్య ఎన్నికల్లో కూడా ఎవరూ వినలేదు. అంత కోపంలో ఆయన శ్యామ్‌సుందర్ గారి కుడిచేతి గ్లవ్ లాగేసి, అరచెయ్యి తిప్పి తిప్పి చూస్తున్నారు. ఎక్కడ గుచ్చుకుంది, ఇక్కడా, లోతుగానా అని బొటనవేలితో నొక్కి నొక్కి అడుగుతున్నారు. పట్టుకున్న చెయ్యి వదలడం మర్చిపోయారు. శ్యామ్‌సుందర్ గారు గుర్తు చెయ్యలేదు.

"ఏ డాక్టరు చూశాడు?" అన్నారు మూర్తి గారు ఉన్నట్టుండి.

శ్యామ్‌సుందర్ గారు కింద పడ్డ గ్లవ్ కోసం వంగారు. ఇరవై అడుగుల దూరంలో అనన్య ఒక పగిలిన సీసాని పట్టకారుతో పట్టుకుని చాలా శ్రద్ధగా పరిశీలిస్తోంది.

"నువ్వా?"

"నేను చెప్పను నాన్నా. అవునని చెప్పను, కాదని చెప్పను."

మూర్తి గారు రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డారు. దీక్ష అబద్ధమైనందుకు కాదు. "ఆరు నెలలు" అన్నారు ఎవరితోనూ కాకుండా. "ఆరు నెలలు ఈ వార్త మా ఇంట్లో ఉంది. నాతో కూర్చుని భోజనం చేసింది. నాకు తెలీదు."

రెండు వారాల తర్వాత అనన్య ఫోన్ చేసింది. కనకదుర్గ గారు స్పీకర్ పెట్టారు.

"నెగటివ్. ఇంక టెస్టుల్లేవు అంకుల్. ఆంటీ, మీరూ వింటున్నారా? ఇంక మీరు..."

"విన్నాంలే అమ్మా" అని ఆవిడ చప్పున ఫోన్ పెట్టేశారు.

సమాఖ్య కార్యవర్గం తన తీర్పు తాను ఇచ్చింది. జబ్బు విషయంలో ముద్దాయి నిర్దోషి. భిక్ష విషయంలో దోషి. శిక్షగా వచ్చే సీజనులో స్వాములందరికీ కనకదుర్గ గారి ఇంట భిక్ష పెట్టాలి, శబరిమల వెళ్లేవాళ్ల సూట్‌కేసులు శ్యామ్‌సుందర్ గారు సర్దాలి. మొదటి సగం విని కనకదుర్గ గారు, అది శిక్ష కాదు, దేవుడు తన మొర ఆలస్యంగా విన్నాడన్నారు.

నవంబరు వచ్చింది. ఆ ఇంటి హాలంతా నల్లబట్టల స్వాములు, తెరిచిన పెట్టెలు. మూర్తి గారు కూడా మాల వేసుకున్నారు. ఆయన పెట్టె అన్నిటికంటే పెద్దది, మూత అన్నిటికంటే పైకి లేచి ఉంది. శ్యామ్‌సుందర్ గారు దాన్ని అంగుళం ఎత్తి, కళ్లు మూసుకుని, దించారు.

"బరువు సరిపోయింది. మూతే పడదు."

"కళ్లజోడు తియ్యి స్వామీ" అన్నారు మూర్తి గారు ఆశగా. గదిలో ఉన్నవాళ్లు అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేశారు.

శ్యామ్‌సుందర్ గారు కళ్లజోడు సరిచేసుకున్నారు. తియ్యలేదు.

"ఏదో ఒకటి బయట పెట్టు మూర్తీ. నొక్కడం మాత్రం నేను నొక్కను."